టెక్ సందేహాలు: ఎయిర్ గన్ పక్కన పెట్టిన ఫోన్

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. వానల వల్ల మేడ మీదికి వెళ్లలేక, హాల్లోంచి వంటింటి పక్క గోడ దాకా ఆరు మీటర్ల దూరంలో చిన్న స్ప్రింగ్ ఎయిర్ గన్‌తో టార్గెట్ కొడుతున్నా. పెల్లెట్ వేగం చెప్పే యాప్ ఒకరోజు సెకనుకు 120 మీటర్లు, ఇంకోరోజు 190 చూపిస్తోంది. గన్ పాడైందా? వేరే యాప్ చెప్పండి.

గన్‌ను అనుమానించకండి. ఈశాన్య రుతుపవనాలు మొదలైన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. గన్ పేలిన చప్పుడుకీ, పెల్లెట్ తగిలిన చప్పుడుకీ మధ్య సమయాన్ని యాప్ మైక్‌తో కొలుస్తుంది. సెకనుకు 150 మీటర్ల పెల్లెట్ ఆరు మీటర్లు దాటడానికి 40 మిల్లీసెకన్లు, తగిలిన చప్పుడు తిరిగి ఫోన్ దగ్గరికి రావడానికి మరో 17. లెక్కంతా ఈ 57లోనే. యాప్‌లో దూరం 6 బదులు 5 అని కొడితే అదే పెల్లెట్ వేగం 117 అని వస్తుంది, 7 అంటే 190 దగ్గరికి పోతుంది. మీరు నిలబడే చోటు రోజుకోలా మారుతోందేమో, టేపు పెట్టి కొలవండి. ఫ్యాన్ చప్పుడు కూడా మైక్‌లో పడుతుంది, ఆపండి.

అసలు ఆ అంకె కోసం అంత టెన్షన్ ఎందుకు? అర గ్రాము పెల్లెట్ 150 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 5.6 జౌల్స్. మన దేశంలో 4.5 మి.మీ. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేని హద్దు 20 జౌల్స్. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అక్కడ పనికొచ్చేది చేతి నిలకడ, బలం కాదు. తక్కువ శక్తి గన్‌లో నాకు నచ్చేది అదే: చప్పుడు తక్కువ, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేదు, తప్పు గురి వెంటనే కాగితం మీద కనబడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, టార్గెట్ వెనక పెల్లెట్ ఆగే పెట్టె ఉంచండి, వంటింటి తలుపు గొళ్లెం పెట్టాకే పేల్చండి.

యాప్ విషయానికొస్తే, దానికి కావాల్సింది మైక్ ఒక్కటే, అదీ వాడుతున్నంతసేపే. కాంటాక్టులు, లొకేషన్, ఫొటోలు అడిగితే ఆ క్షణమే తీసేయండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే ఫైలైతే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ చేయనేవద్దు.

ప్రశ్న: చిత్తూరులో ఉంటాను. టార్గెట్ దగ్గరికి నడవకుండా పక్కన వైఫై కెమెరా పెట్టి ఫోన్‌లో చూస్తున్నా. బెంగళూరులో ఉన్న బావకు కూడా లింక్ ఇవ్వాలి. ఎలా?

ఇవ్వకండి. ఈ వారం ఉత్తరాల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆ కెమెరాకు కనిపించేది టార్గెట్ ఒక్కటే కాదు. మీ హాలు, పిల్లలు, గన్ దాచే బీరువా, కుటుంబమంతా కొండకు వెళ్లిన రోజు ఖాళీగా ఉన్న ఇల్లు, అన్నీ కనిపిస్తాయి. చవక కెమెరాలు కొన్ని అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో వస్తాయి. అమ్మాక అప్‌డేట్ ఇచ్చేవాళ్లు తక్కువ. తలుపుకు తాళం కూడా ఇవ్వకుండా ఇల్లు అమ్మినట్టే ఇది, అలాంటి వస్తువు తయారుచేసినవాళ్లను నేను క్షమించలేను. కొన్న రోజు దాంతో వచ్చిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉంచే మనదీ తప్పే.

వాడాల్సిందే అనుకుంటే పాస్‌వర్డ్ మార్చండి, కెమెరాను రూటర్‌లో గెస్ట్ వైఫైకి (ఇంట్లో ఫోన్లు వాడేదానికి వేరుగా ఉండే కనెక్షన్) మార్చండి, బయటి నుంచి చూసే సౌకర్యం ఆపేయండి, ఆట అవగానే ప్లగ్ పీకేయండి. ఇంతకంటే మంచి దారి చిన్న బైనాక్యులర్. ఆరు మీటర్ల దూరంలో 4.5 మి.మీ. రంధ్రం దాంట్లో చక్కగా కనిపిస్తుంది, దానికి పాస్‌వర్డే అక్కర్లేదు.

బావకు టార్గెట్ కాగితం ఫొటో తీసి పంపితే చాలు. అయితే ఫొటో కోసం ఫోన్‌ను గన్ మీద గురి చూసే స్కోప్‌కు బిగించొద్దు. స్ప్రింగ్ గన్ ముందుకూ వెనక్కూ రెండుసార్లు కుదుపుతుంది, కెమెరాలో లెన్స్‌ను కదలకుండా నిలిపే సున్నితమైన భాగాలు ఆ దెబ్బలకు పాడవుతాయి. నా పాత ఫోన్ అలాగే పోయింది, ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటో మసకే.