టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక్క రోజే చూడగలిగితే కొండల స్టేజా, స్ప్రింట్ స్టేజా?

జూలైలో పిల్లలతో ఫ్రాన్స్‌లో ఉంటామని, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుకి ఒక్క రోజే కుదురుతుందని, కొండల స్టేజ్‌కి వెళ్ళాలా స్ప్రింట్ ఫినిష్‌కి వెళ్ళాలా అని అడిగారు. (ఈ రేసులో ఒక్కో రోజు పోటీని స్టేజ్ అంటారు. చదును రోడ్డు మీద గుంపంతా కలిసొచ్చి చివర్లో వేగంతో తేల్చుకునేది స్ప్రింట్, అందులో దిట్టలు స్ప్రింటర్లు.) కొండలకే వెళ్ళండి. అయితే ముందున్న నలుగురైదుగురిని చూసేసి వెనక్కి వచ్చేయకండి. చిట్టచివరి గుంపు పోయేదాకా ఉండండి. స్ప్రింటర్ల కష్టం ఏంటో తెలిసేది అక్కడే.

నేను ఉద్యోగరీత్యా లియోన్‌లో ఉంటున్నాను. ఆల్ప్స్ దగ్గరే కాబట్టి రేసు ఇటు వచ్చినప్పుడల్లా వీలు చూసుకుని రోడ్డు పక్కన నిలబడతాను. టికెట్ ఏమీ ఉండదు, ముందుగా వెళ్ళినవాడిదే చోటు.

స్ప్రింట్ సంగతి ముందు చెప్పేస్తాను. 2024 జూలై 3న, మా ఊరికి దగ్గర్లోని సాన్ వుల్బాలో ఐదో స్టేజ్ ముగిసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్ పేరిట ఉన్న 34 స్టేజ్ విజయాల రికార్డును బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ దాటేసిన రోజది. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. అంత పెద్ద ఘట్టంలో నా కంటికి దక్కింది గట్టిగా పది సెకన్లు కూడా లేదు. బారికేడ్లకు కట్టిన ప్రకటన బోర్డుల మీద జనం దబదబా బాదుతుంటే ముందు ఆ మోత మావైపు వచ్చింది. దాని వెనకే గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో గుంపు దూసుకుపోయింది, ఆ గాలి ముఖానికి కొట్టింది, అంతే. ఎవరు గెలిచారో పక్కాయన ఫోన్‌లో చూసి చెప్పాడు.

ఇంటికొచ్చి రీప్లే చూస్తే గానీ అసలు ఆట అర్థం కాలేదు. ముందువాడి చాటున తొక్కితే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది కాబట్టి, జట్టులోని మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముందుండి లాగుతూ స్ప్రింటర్‌ను చివరి రెండు మూడు వందల మీటర్ల దాకా చాటునే తీసుకొస్తారు. ఆ తర్వాత అతను బయటికి వచ్చి, ఉన్న బలమంతా పది పదిహేను సెకన్లలో ఖర్చుపెట్టేస్తాడు. ఆ రోజు కావెండిష్ ఒకరి చక్రం వెనక నుంచి ఇంకొకరి చక్రం వెనక్కి మారుతూ, సరిగ్గా ఖాళీ దొరికిన క్షణంలో బయటికి వచ్చాడు. ఆ తెలివి రోడ్డు పక్కన నిలబడినవాడికి కనిపించదు, హెలికాప్టర్ కెమెరాకే కనిపిస్తుంది. కాబట్టి స్ప్రింట్ స్టేజ్‌ని టీవీలో చూడండి. ఇండియాలో అయితే చాలా రోజులు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అయిపోతుంది, భోజనాల వేళకి సరిపోతుంది.

కొండ మీద సంగతి వేరు. 2022 జూలై 14న ఆల్ప్ దుయెజ్ ఎక్కే రోడ్డు మీద ఉన్నాను. కింద బూర్ దువాజాన్ ఊరి దగ్గర మొదలై పైదాకా 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8 శాతం పైన, 21 హెయిర్‌పిన్ మలుపులు. ఊటీ వెళ్ళే కల్హట్టి ఘాట్ రోడ్డులో లాగే ప్రతి మలుపుకీ నంబరు ఉంటుంది, కాకపోతే ఇక్కడ కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. బోర్డుల మీద ఆ కొండపై గెలిచినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. 1952లో మొదటిసారి గెలిచిన ఫాస్టో కోపీ పేరు అన్నిటికంటే కింద ఉంది. ఏడో మలుపు డచ్చివాళ్ళ అడ్డా. మొత్తం నారింజ రంగు చొక్కాలు, స్పీకర్లు, బీరు. పిల్లలతో వెళ్తే ఆ మలుపు వద్దు.

రేసు రావడానికి రెండు గంటల ముందు ప్రకటన బళ్ళ ఊరేగింపు వస్తుంది. టోపీలు, చాక్లెట్లు, కీ చెయిన్లు విసురుకుంటూ పోతారు. మీ పిల్లలకి రేసు కంటే అదే నచ్చినా ఆశ్చర్యపోను. వాటికోసం పెద్దవాళ్ళు కొట్టుకోవడమే చూడలేం!

ముందుగా టామ్ పిడ్‌కాక్ ఒంటరిగా వచ్చాడు, 22 ఏళ్ళ కుర్రాడు. జనం మధ్య రోడ్డు మనిషి పట్టేంత సందుగా మారిపోయింది, అతను వస్తుంటే విడిపోయి పోగానే మళ్ళీ మూసుకుంటోంది. కాసేపటికి క్రిస్ ఫ్రూమ్. నాలుగుసార్లు టూర్ గెలిచి, 2019లో ఘోరంగా పడి ఎముకలు విరగ్గొట్టుకున్న మనిషి ఆ రోజు మూడో స్థానంలో వచ్చాడు. పిడ్‌కాక్ కంటే ఎక్కువ అరుపులు ఆయనకే. తర్వాత, మొత్తం సమయంలో అందరికంటే ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో వింగెగార్డ్, అతన్ని అంటిపెట్టుకుని అతని ప్రధాన పోటీదారు పొగాచర్. ఈ ఎక్కుడులో ముందున్నవాళ్ళ వేగమే గంటకు 20 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ముఖాలు తీరిగ్గా చూడొచ్చు. అంత తక్కువ వేగంలో ఎవరి చాటున తొక్కినా పెద్దగా కలిసి రాదు. ఒంటి బరువుకి తగ్గ బలం ఉందా లేదా, అదొక్కటే లెక్క.

వాళ్ళు పోగానే చాలామంది సంచులు సర్దేశారు. నేను ఉండిపోయాను. అరగంట దాటాక కింది నుంచి పెద్ద గుంపు వచ్చింది. స్ప్రింటర్లు, వాళ్ళను కాపాడుకొచ్చే సహచరులు, పొద్దున్నుంచీ తమ జట్టు నాయకుల కోసం లాగి లాగి అలిసినవాళ్ళు. దీన్ని గ్రుపెట్టో అంటారు. ఎవరూ ఎవరితో పోటీ పడటం లేదు. నల్ల నిక్కర్ల మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. ఒకతను తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. నా పక్కన ఉన్న పెద్దాయన బాటిల్‌లో నీళ్ళన్నీ అతని మెడ మీద గుమ్మరించాడు. "మెర్సీ" అన్నది వినిపించేంత నెమ్మదిగా పోతున్నారు.

వీళ్ళ పోటీ గడియారంతో. గెలిచినవాడి సమయానికి, స్టేజ్ ఎంత కష్టమైనదో అతని సగటు వేగం ఎంతో చూసి, కొంత శాతం కలుపుతారు. గెలిచినవాడు ఐదు గంటల్లో వచ్చి, ఆ రోజుకి 15 శాతం అనుకుంటే 45 నిమిషాల గడువు. అది దాటితే సామాన్లు సర్దుకోవాల్సిందే, మర్నాడు స్టార్ట్ లేదు. గుంపులో ఎక్కువమంది ఒకేసారి ఆలస్యమైతే జడ్జీలు కనికరించవచ్చు గానీ దానికి పాయింట్ల కోత ఉంటుంది. 2011లో కావెండిష్‌కి అలా రెండుసార్లు కోత పడింది, అయినా పాయింట్లలో ముందున్నవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. అందుకే గ్రుపెట్టోలో అనుభవం ఉన్నవాళ్ళు లెక్కలు వేస్తూ ఉంటారు: ఎక్కేటప్పుడు ఎంత పోగొట్టుకోవచ్చు, దిగేటప్పుడు, లోయలో ఎంత రాబట్టుకోవచ్చు అని. స్టేజ్ చిన్నదైతే గడువూ చిన్నదే, టెన్షన్ ఎక్కువ. 2018లో లా రోజియేర్‌కి పోయే 108.5 కిలోమీటర్ల స్టేజ్‌లో కావెండిష్, కిట్టెల్ ఇద్దరూ గడువు దాటి ఇంటికి పోయారు. మర్నాడే ఆల్ప్ దుయెజ్ స్టేజ్‌లో గ్రైపెల్, గవీరియా, గ్రూనెవేఖెన్ మధ్యలో దిగిపోయారు. రెండు రోజుల్లో పేరున్న స్ప్రింటర్లు ఐదుగురు ఖాళీ.

ఇప్పుడు మళ్ళీ 2024కి రండి. మొదటి స్టేజ్‌లోనే, ఇటలీ ఎండలో, కావెండిష్ సైకిల్ మీదే వాంతులు చేసుకున్నాడు. సహచరులు చుట్టూ ఉండి గడువు లోపల చేర్చారు. నాలుగో రోజు 2,642 మీటర్ల గాలిబియే కనుమ దాటాలి. ఆ స్టేజ్ పొగాచర్ గెలిచాడని అందరికీ గుర్తుంది, అదే కనుమని కావెండిష్ వెనక వెనకగా ఎలాగోలా దాటాడన్నది ఎవరికీ పట్టలేదు. ఆ మర్నాడే సాన్ వుల్బా! నేను చూసిన ఆ పది సెకన్ల కోసం ముందు రోజు కొండ మీద పడిన పాటు అంతా ఇంతా కాదు. అందుకే నాకు ఈ రెండూ వేర్వేరు రకాల స్టేజ్‌లుగా అనిపించవు.

అలాగని చదును స్టేజ్‌లు కొండల మొనగాళ్ళకు సెలవు రోజులు కావు. 2024 మహిళల టూర్‌లో డెమీ వోలరింగ్ ఆమ్నెవిల్‌కి పోయే స్టేజ్‌లో ఫినిష్‌కి ఆరు కిలోమీటర్ల దూరంలో పడిపోయింది. చదును స్టేజ్‌లో సాధారణంగా చివరి మూడు కిలోమీటర్లలో పడితే గుంపు సమయమే ఇస్తారు, అంతకు ముందు పడితే పోయింది పోయినట్టే. ఆ రోజు నిమిషంన్నర పైన పోగొట్టుకుంది. చివరి రోజు ఆల్ప్ దుయెజ్ మీద గెలిచి కూడా, మొత్తం మీద పోలండ్ రైడర్ నియెవియాదోమా చేతిలో 4 సెకన్ల తేడాతో ఓడింది. ఆ 4 సెకన్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

వెళ్ళేటప్పుడు కొన్ని చూసుకోండి. కొండ రోడ్లు రేసుకి చాలా గంటల ముందే మూసేస్తారు, కొన్నిచోట్ల ముందు రోజే. కారు కింద ఊళ్ళో వదిలి నడవాలి. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళతో పాటు స్వెటర్ కూడా పెట్టుకోండి, పైన మబ్బు పడితే చలేస్తుంది. పిల్లల చెయ్యి వదలకండి. ఫోటో కోసం రోడ్డు మీదికి వంగకండి, మెడలో కెమెరా తాడు వేలాడనివ్వకండి. 2018లో ఆల్ప్ దుయెజ్ మీదే ఎవరో ప్రేక్షకుడి తాడు తగులుకుని ఇటలీ రైడర్ నీబాలి పడ్డాడు, వెన్నుపూస చిట్లి రేసే వదులుకున్నాడు.

చోటు ఎంచుకునేటప్పుడు పైకి పోవాలని ఆరాటపడకండి. ఆల్ప్ దుయెజ్ అయితే మొదటి రెండు మూడు కిలోమీటర్లే బాగా నిటారు, అక్కడ అందరూ నెమ్మదిస్తారు, పైగా మీకు నడక తక్కువ. అందరి వెనకా వచ్చే వ్యాన్ పోయి, పోలీసులు రోడ్డు వదిలాకే కిందికి దిగండి.