శ్రీలంకకు సిలోన్, సింహళం, తామ్రపర్ణి అని ఇన్ని పేర్లు ఎలా వచ్చాయి?

ఈ పేర్లు వేర్వేరుగా కనిపించినా, వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే, అది ‘సింహళ’ అనే మాట. సింహళద్వీపం, పాళీలో సీహళదీపం, అరబ్బు నావికుల నోట సరందీబ్ అయింది. అదే పేరు తర్వాత పోర్చుగీసువారి చేతిలో సెయిలావ్‌గా, డచ్చివారి దగ్గర జెయిలాన్‌గా మారి, చివరకు ఆంగ్లేయుల కాలంలో సిలోన్‌గా స్థిరపడింది. తమిళంలోని ‘ఈళం’ కూడా ఈ మాట నుంచే పుట్టిందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. అన్నట్టు, అనుకోకుండా మేలు జరగడాన్ని సూచించే ‘సెరెండిపిటీ’ అనే ఆంగ్లపదాన్ని ఆంగ్ల రచయిత హోరేస్ వాల్‌పోల్ 1754లో సరందీబ్ రాకుమారుల కథ ఆధారంగా కల్పించాడు.

తామ్రపర్ణిది వేరే దారి. అశోకుని రెండవ శిలాశాసనంలో ‘తంబపంని’గా కనిపించే ఈ పేరునే గ్రీకులు ‘తప్రొబానే’ అన్నారు. రాగి రంగు నేలను బట్టి ఆ పేరు వచ్చిందని శ్రీలంక ప్రాచీన చరిత్రను చెప్పే పాళీ గ్రంథం మహావంశం చెబుతుంది గాని, అది పేరును చూసి తర్వాత అల్లిన కథలాగే అనిపిస్తుంది.

ఇక ‘లంక’ అంటే ద్వీపమని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు, గోదావరి పాయల మధ్య ఏర్పడిన దిబ్బలను ఇప్పటికీ లంకలనే అంటాం. 1972 మే 22న గణతంత్రంగా మారినప్పుడు ఆ దేశం ఈ పాత పేరుకే గౌరవవాచకమైన ‘శ్రీ’ని చేర్చి అధికారికంగా స్వీకరించింది. అయినా తేయాకు మాత్రం నేటికీ సిలోన్ పేరుతోనే అమ్ముడవుతోంది.