సాఫ్టా ఒప్పందం ఉన్నా దక్షిణాసియా దేశాల మధ్య వ్యాపారం ఎందుకింత తక్కువ?

దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వాణిజ్యంలో సుమారు 5 శాతం దగ్గరే ఆగిపోవడానికి ప్రధాన కారణం, సుంకాలు తగ్గినా సరుకును సరిహద్దు దాటించే ఖర్చూ జాప్యమూ తగ్గకపోవడమే. 2006 జనవరి 1న అమల్లోకి వచ్చిన దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే సాఫ్టా, ప్రధానంగా సుంకాల తగ్గింపు ఒప్పందం. లారీల అనుమతులు, గిడ్డంగులు, తనిఖీ కేంద్రాల సమస్య చాలావరకు అలాగే మిగిలింది. పైగా ప్రతి దేశమూ తాను కాపాడుకోదలచిన సరుకులను ‘సున్నిత జాబితా’లో చేర్చి రాయితీకి దూరంగా ఉంచుకుంది.

గుంటూరు మిర్చినే చూడండి. బంగ్లాదేశ్‌కు రోడ్డు మీద వెళ్లే లారీ పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దగ్గర వరుసలో ఆగి, అవతలి బెనాపోల్ యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేయాలి. అక్కడి నుంచి ఆ దేశపు లారీ మళ్లీ ఎక్కించుకోవాలి. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చి ప్రత్యేక పార్సిల్ రైలులో నేరుగా బెనాపోల్‌కు వెళ్లినప్పుడు, రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యే రవాణా ఖర్చు 4,608 రూపాయలకు దిగింది. సుంకంతో నిమిత్తం లేకుండా వచ్చిన ఆదా ఇది, రైతుకూ వ్యాపారికీ చిన్నదేమీ కాదు.

భారత్, పాకిస్తాన్ వైరమే దీనంతటికీ మూలమని చాలామంది అనుకుంటారు. 2014 కాఠ్మండూ సమావేశం తరువాత దక్షిణాసియా దేశాల కూటమి అయిన సార్క్ శిఖరాగ్ర సభలు ఆగిపోవడంలో దాని పాత్ర పెద్దదే. అయితే పాకిస్తాన్ ప్రమేయమే లేకుండా భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ 2015లో థింపూలో కుదుర్చుకున్న వాహనాల రాకపోకల ఒప్పందం కూడా, భూటాన్ పార్లమెంటు ఆమోదం దొరక్క, అనుకున్నట్టు అమలు కాలేదు.