మంచు పగులుతుందేమో అని అమ్మ భయం

ప్రశ్న: మాది తెనాలి. వియన్నాలో ఎమ్మెస్ చేస్తున్నాను. జనవరిలో ఒక రోజు బుడాపెస్ట్ వెళ్లి, అక్కడి పెద్ద ఐస్ రింక్‌లో స్కేటింగ్ చేయాలనుంది. ఫ్రెండ్స్ ఎవరికీ కుదరలేదు. నేనేమో ఇంతవరకు స్కేట్స్ తొడుక్కోనే లేదు. ‘చెరువు మీద మంచట, పగిలితే ఏం గతి? ఒక్కదానివే వెళ్లొద్దు’ అని అమ్మ ఫోన్‌లో ఒకటే గొడవ. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, వియన్నా

జవాబు: హాయిగా వెళ్లండి. ముందు అమ్మగారి టెన్షన్ తీరుద్దాం. ఆవిడ భయం వందేళ్ల కిందటైతే సబబే. 1870లో సిటీ పార్కులో ఆ రింక్ మొదలైనప్పుడు నిజంగా చెరువు నీళ్లే గడ్డకట్టేవి. చలి తగ్గితే స్కేటింగ్ ఆగిపోయేది. 1926లో అక్కడ కృత్రిమంగా మంచు తయారుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు చలికాలం రాగానే ఆ భాగంలో చెరువు నీళ్లు తీసేస్తారు. గట్టి నేల మీద, చల్లబరిచే గొట్టాలపైన పలచగా మంచు పరుస్తారు. కింద మునగడానికి నీళ్లే ఉండవు. వేసవిలో అదే చోట పడవలు తిరుగుతాయి. ఈ మాట అమ్మగారికి వివరంగా చెప్పండి, నమ్ముతారు.

ఇక ఒక్కరే వెళ్లడం గురించి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే మేలని నా గట్టి నమ్మకం. నేను మొదటిసారి స్కేట్స్ కట్టుకుంది అక్కడే, ఒక్కదాన్నే. ‘రా రా’ అని చెయ్యి పట్టి లాగేవాళ్లు లేరు కాబట్టి, కాళ్లు కుదురుకునేదాకా అంచునే నడిచాను. స్నేహితులు లాగితేనే చాలామంది పడతారు.

స్కేట్స్ అక్కడే అద్దెకిస్తారు. మందపాటి సాక్సులు రెండు జతలు వేసుకోకండి, లోపల పాదం జారుతుంది. పలచనిది ఒకటి చాలు. లేసులు కట్టుకోవడం మాత్రం శ్రద్ధగా చేయాలి. బెంచీ మీద ఒక పెద్దాయన మనవరాలికి కడుతుంటే పక్కన కూర్చుని చూశాను. వేళ్ల దగ్గర వదులుగా వదిలేశారు. చీలమండ దగ్గరికి వచ్చేసరికి పాప బూటును తన మోకాళ్ల మధ్య బిగించి, రెండు చేతులా గుంజి ముడేశారు. తర్వాత బూటు వెనక వేలు దూర్చి చూశారు, దూరలేదు. అప్పుడు గానీ పాపను లేవనివ్వలేదు. అలాగే కట్టుకోండి.

మంచు మీద మోకాళ్లు కాస్త వంచి, ఒళ్లు ముందుకు వాల్చండి. భయమేసినప్పుడు వెనక్కి వాలతాం, దెబ్బలన్నీ అక్కడే. పడిపోతున్నానని తెలిస్తే పక్కకు ఒరగండి, పడ్డాక వేళ్లు పిడికిలిలోకి ముడుచుకోండి, వెనకొచ్చేవాళ్ల బ్లేడు వాటి మీదెక్కకుండా. చేతి తొడుగులు తప్పనిసరి. జనం ఎటు తిరుగుతుంటే అటే వెళ్లండి.

వీలైతే మామూలు రోజు పొద్దున వెళ్లండి, శని ఆదివారాలు కిటకిటలాడతాయి. రోజంతా తెరిచి ఉంచరు, పూటల వారీగా తెరుస్తారు కాబట్టి వేళలు ముందే చూసుకోండి. వియన్నా నుంచి రైలు రెండున్నర గంటల పైచిలుకు. కెలెతి స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కి, మధ్యలో పసుపు రంగు ఎం1 లైనుకు మారి, హీరోస్ స్క్వేర్‌లో దిగండి. ఆ ఎం1 కూడా 1896 నాటిది, చిన్న చిన్న పెట్టెలతో ముచ్చటగా ఉంటుంది. రింక్ పక్కనే వాయ్దహున్యద్ కోట. మొదట చెక్కతో, అట్టతో కట్టి, జనానికి తెగ నచ్చేయడంతో తర్వాత రాతితో మళ్లీ కట్టారు. అలుపొస్తే ఆ బురుజులకేసి చూస్తూ నిలబడండి.

స్విమ్ సూట్, తువాలు, రబ్బరు చెప్పులు బ్యాగులో పెట్టుకోండి. పార్కులోనే సేచెని స్నానశాల ఉంది, భూగర్భం నుంచి ఊరే వేడి నీళ్లు. బయటి కొలనులో గొంతుదాకా మునిగితే పిక్కల నొప్పి ఇట్టే వదులుతుంది. బయటికొచ్చే ముందు జుట్టు పూర్తిగా ఆరబెట్టుకుని టోపీ పెట్టుకోండి. తిరుగు రైలు టికెట్ రాత్రిదే తీసుకోండి, సాయంత్రం హడావుడి పడకూడదు.