ఏడు మాత్రలు లెక్కపెట్టగలిగితే చాలు

ప్రశ్న: డాన్స్ అస్సలు రానివాళ్లు గ్రీకు జానపద నృత్యాలు చేయగలరా? వాళ్ల ఉత్సవానికి వెళ్తే ఊరికే నిలబడి చూడాల్సిందేనా?

చేయగలరు. నేను చేశాను. మా పెళ్లి వీడియోలో నేను డాన్స్ చేసిన ముక్కని మా ఆవిడ దగ్గరుండి తీయించేసింది, అంతటివాణ్ని.

మెల్‌బోర్న్‌కి వచ్చిన రెండో ఏడు. ఇక్కడ గ్రీకులు బాగా ఎక్కువ. ఎండాకాలం చివర్లో లాన్స్‌డేల్ స్ట్రీట్‌లో బండ్లు ఆపేసి రెండు రోజులు పండుగ చేస్తారు. నేను వెళ్లింది సంస్కృతి కోసం కాదు, లుకుమాదెస్ కోసం. మన పునుగుల్లాగే ఉంటాయి, పైన తేనె, దాల్చినచెక్క పొడి. ముప్పావుగంట క్యూలో నిలబడి డబ్బా చేతికందేసరికి స్టేజీ మీద క్లారినెట్ మొదలైంది. గ్రీకు సంగీతం అంటే బుజుకీ అనే తీగల వాయిద్యం ఒక్కటే అనుకునేవాణ్ని. వాళ్ల పల్లె పాటలకి చాలా చోట్ల క్లారినెట్టే పెద్ద దిక్కట. క్రీట్ దీవి వాళ్లకైతే లిరా, ఒళ్లో నిలబెట్టి కమానుతో వాయిస్తారు.

నోట్లో పునుగు ఉండగానే కాలు దానంతట అది తాళం వేస్తోంది. తకిట తకధిమి, తకిట తకధిమి. మన మిశ్రచాపు తాళం! చిన్నప్పుడు విజయవాడలో రెండేళ్లు మృదంగం నేర్చుకుని మానేశాను, మా గురువుగారు నా మీద ఆశ వదిలేసుకున్నారు కూడా. ఆ డాన్స్ పేరు కలమతియనోస్. ఏడు మాత్రలు, మూడు రెండు రెండుగా. ఆవర్తనానికి, అంటే ఆ ఏడు మాత్రలు ఒకసారి పూర్తయ్యేసరికి, మూడు అడుగులు, నాలుగు ఆవర్తనాలకి పన్నెండు, మళ్లీ మొదటికి. అంతే. మన సంగీతం చెవిన పడ్డవాళ్లకి ఇది రాకపోవడమంటూ ఉండదు, రాసిస్తాను.

ఆ ధైర్యంతోనే నేరుగా వెళ్లి, చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతున్న వరసకి ముందు దూరబోయాను. అది పెద్ద తప్పు. ముందున్నాయన రుమాలు ఒక కొస పట్టుకుంటాడు, పక్కమనిషి రెండో కొస. ఆ పక్కమనిషి బలం మీదే ఆయన వెనక్కి వాలేది, గిర్రున తిరిగేది. నల్ల బట్టలేసుకున్న ఒక యయా (వాళ్లకి నాయనమ్మైనా అమ్మమ్మైనా యయానే) నా జబ్బ పట్టుకుని తోక దాకా లాక్కెళ్లి, తన పక్కన నిలబెట్టుకుంది. కొత్తవాళ్లు చేరాల్సింది అక్కడట. 'తకిట' దగ్గర సాగే అడుగు వచ్చినప్పుడల్లా నా వేళ్లు గట్టిగా నొక్కేది. రెండుసార్లు ఆవిడ కాలు తొక్కాను. మూడో చుట్టుకి కుదిరింది.

జెయిబేకికో అనే డాన్స్ జోలికి మాత్రం పోకండి. తొమ్మిది మాత్రలది, మామూలుగా ఒక్కరే ఆడతారు, మధ్యలో దూరితే అమర్యాద. ఇంకో సంగతి, చివర్లో అందరూ ఫోన్లు పైకెత్తే ఆ సిర్తాకి డాన్స్ తాతలనాటిది కాదు. 1964లో వచ్చిన 'జోర్బా ద గ్రీక్' సినిమా కోసం పాత అడుగులు కలిపి చేసింది. అదొక్కటి చూసి గ్రీకు డాన్స్ చూసేశామనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట.

అసలు నా బాధ వేరే. బతుకమ్మలో మనమూ వలయంగానే తిరుగుతాం, కోలాటమూ అంతే. మరి ఇక్కడ మన వేడుకల్లో ఏమవుతోంది? ఆరింటికి రమ్మని ఎనిమిదికి దీపం వెలిగిస్తారు. శాలువాలు, స్పాన్సర్ల ఫొటోలు, తర్వాత డీజే. కుర్చీలు వరసల్లో వేస్తే వలయానికి చోటేది? పోయినసారి ఈ మాటే అంటే, కమిటీలో ఒకాయన "ముందు భోజనాల లైన్ చూడు బాబూ" అన్నాడు.

మీరు వెళ్తే లుకుమాదెస్ డాన్స్ అయ్యాకే తినండి. పాట ఆగాక ఆ యయా తన అరచేతికి అంటుకున్న తేనె చూసుకుని, నవ్వుతూ నా చొక్కాకే తుడిచేసింది.