పాత సెట్టింగ్స్ ఎక్కడికీ పోలేదు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. మెయిళ్లు థండర్‌బర్డ్‌లో చూస్తాను. ఈమధ్య కంప్యూటర్ షాపు కుర్రాడు పాత వెర్షన్ తీసేసి కొత్తది వేశాడు. పాస్‌వర్డ్ కొడితే మెయిళ్లన్నీ వచ్చాయి. కానీ రిప్లై నొక్కితే కర్సర్ అవతలివాళ్లు రాసిందంతా అయ్యాక అడుగున నిలబడుతోంది. ఇదివరకు పైనే ఉండేది. సంతకం రావడం లేదు. నా మెయిళ్లకు జవాబులు సంఘం అడ్రసుకి కాకుండా నా సొంత అడ్రసుకి వస్తున్నాయి. రెండక్షరాలు కొడితే కనిపించే పేర్లూ లేవు. పాత వెర్షనే మళ్లీ వేయించమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చేయించకండి. కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ని (మీ సెట్టింగ్స్, అడ్రస్ బుక్ దాచుకునే ఫోల్డర్) పాత వెర్షన్ తెరవనంటుంది. అప్పుడు లేని టెన్షన్ మొదలవుతుంది.

అసలు సంగతి పేర్లూ లేవన్న మీ మాటలో ఉంది. పేర్లు కూడా రావడం లేదంటే పోయింది రిప్లై సెట్టింగ్ ఒక్కటే కాదు, అడ్రస్ బుక్ కూడా. అంటే మీరిప్పుడు చూస్తున్నది కొత్త ప్రొఫైల్. ఆ కుర్రాడు బహుశా థండర్‌బర్డ్‌లో 32 బిట్ రకం తీసేసి 64 బిట్ రకం వేసి ఉంటాడు. అవి రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఇన్‌స్టాల్ అవుతాయి. 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తోంది. మెయిళ్లు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి దిగిపోయాయి. సంతకం, అడ్రస్ బుక్, సెట్టింగ్స్ మీ కంప్యూటర్‌లోని పాత ప్రొఫైల్‌లోనే ఉండిపోయాయి. ఇల్లు మారి బీరువా పాతింట్లో వదిలేసినట్టు.

హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. అందులో ప్రొఫైల్స్ అన్న వరుసలో ఒక లింకు ఉంటుంది. నొక్కితే ప్రొఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు వాడుతున్నది ఏదో అక్కడే రాసి ఉంటుంది. రెండోదాని దగ్గర లాంచ్ బటన్ నొక్కితే అది వేరే విండోలో తెరుచుకుంటుంది. అక్కడ మీ సంతకం, పేర్లు కనిపిస్తే అదే మీ పాతది. వెనక్కి వచ్చి దాన్ని డిఫాల్ట్‌గా సెట్ చేసి, థండర్‌బర్డ్ మూసి మళ్లీ తెరవండి. పక్కనే రిమూవ్ అనే బటన్ కూడా ఉంటుంది, దాని జోలికి పోకండి! ఈలోగా పంపిన మెయిళ్లూ సర్వర్‌లో ఉంటే పాతదాంట్లోనూ కనిపిస్తాయి.

తర్వాత థండర్‌బర్డ్ మూసి, ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పని అప్‌గ్రేడ్‌కి ముందు షాపువాళ్లే చేసి ఉండాల్సింది.

ఒకవేళ కుర్రాడు డిస్కు ఫార్మాట్ చేసేసి ఉంటే పాత ప్రొఫైల్ దొరకదు. అప్పుడు అకౌంట్ సెట్టింగ్స్‌లో సంఘం అడ్రసుని రిప్లై టు గడిలో రాయండి. సంతకం గడి కూడా అక్కడే ఉంటుంది. కంపోజిషన్ అండ్ అడ్రసింగ్‌లో జవాబు కోట్‌కి (అంటే అవతలివాళ్లు రాసినదానికి) పైన మొదలవ్వాలని ఎంచుకోండి. ఇవన్నీ ఏ అకౌంట్‌కి ఆ అకౌంట్‌కే వర్తిస్తాయి. మీకు రెండు అకౌంట్లుంటే రెండింటిలోనూ మార్చుకోవాలి.

ఇంకో చిన్న తిరకాసు. మెయిల్‌లో ఏదైనా ముక్క సెలెక్ట్ అయి ఉండగా రిప్లై కొడితే ఆ ముక్క ఒక్కటే కోట్‌లోకి వస్తుంది. అది అప్‌గ్రేడ్ వల్ల కాదు, ముందునుంచీ అంతే.