ఇద్దరూ వద్దనుకున్న ఓటరుకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: ఈయన్ని దింపాం, ఆయన్ని ఎక్కించాం, మళ్లీ ఆయన్ని దింపాం, మా ఊరి కోడు (మురుగు కాలువ) మాత్రం పూడిపోయే ఉంది. కోపం సంగతి మీకే వదిలేసి, ఆ కోపంతో ఏం చేయొచ్చో, ఏం చేయలేమో మాత్రం చెబుతాం.

మూడు ఎన్నికలుగా మార్చి మార్చి చూస్తున్నాం. అయినా గెలిచినవాళ్లకు భయం లేదేమండీ? – పశ్చిమ గోదావరి జిల్లా పాఠకుడు

అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది. పాత ఉభయ గోదావరి జిల్లాల్లో 34 అసెంబ్లీ సీట్లు. 2019లో 27 వైఎస్సార్‌సీపీకి, 6 టీడీపీకి, 1 జనసేనకు వెళ్లాయి. 2024లో 34కి 34 టీడీపీ–జనసేన–బీజేపీ కూటమివే. ఇక రాష్ట్రం మొత్తం ఓట్ల సంగతి చూడండి. 2019లో ఓడిన టీడీపీకి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో ఓడిన వైఎస్సార్‌సీపీకీ దాదాపు అదే 39 శాతం, కానీ 11 సీట్లే. అంటే ఎంత చిత్తుగా ఓడినా నూటికి 39 మంది పార్టీని వదల్లేదు. అటూ ఇటూ కదిలేది పదిమంది చిల్లర. అభ్యర్థి బాగా చేసినా గాలి ఎదురైతే పోతాడు, ఏమీ చేయకపోయినా గాలి వాటంగా ఉంటే గట్టెక్కుతాడు. అందుకే ఆయన భయమంతా టిక్కెట్ ఇచ్చేవాళ్ల దగ్గరే.

అలాగని ఓటు వృథా అనుకోకండి. 2019లో జనసేనకు రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఒకే ఒక్క సీటు మన రాజోలు, మెజారిటీ 814. ఒక పెద్ద పోలింగ్ కేంద్రంలో ఉండే ఓట్లు కూడా కావు.

నోటా నొక్కితే బుద్ధి వస్తుందా? లేక ఊరంతా కలిసి ఓట్లు బహిష్కరించాలా? – అమలాపురం

నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా ఎన్నిక రద్దు కాదు. తర్వాత ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే ఎమ్మెల్యే. డిపాజిట్ లెక్కలోనూ నోటాను చెల్లిన ఓటుగా చూడరు. చెల్లిన ఓట్లు 1,80,000 అయితే అందులో ఆరో వంతు, అంటే 30,000 దాటితేనే డిపాజిట్ దక్కుతుంది. నోటాకు అయిదు వేలు పడ్డా ఈ గీత కదలదు.

మరెందుకు పెట్టారంటే రహస్యం కోసం. పూర్వం ఎవరికీ వేయనన్నవాళ్లు ఆ మాట పోలింగ్ అధికారికి చెప్పి, రిజిస్టర్‌లో రాయించుకుని రావాలి. బూత్‌లో ఏజెంట్లందరికీ తెలిసిపోయేది. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తప్పుపట్టింది దాన్నే. మన దగ్గర 2014 ఎన్నికల నుంచి నోటా మీట ఉంది. నొక్కడం మీ ఇష్టం, ఏమవుతుందో తెలిసి నొక్కండి.

బహిష్కరణ అంతకంటే బలహీనం. ఇంత శాతం పోలవ్వాలన్న నియమం చట్టంలో లేదు. మీ బూత్‌లో సున్నా పడ్డా మిగతా బూత్‌ల లెక్కతో ఫలితం ప్రకటిస్తారు. బహిష్కరణ బ్యానర్‌కు విలువ ఉండేది పోలింగ్‌కు ముందు వారం రోజులే. ఆ వారంలో తహసీల్దారో ఆర్డీవోనో వచ్చి మాటిస్తే నోటి మాటతో సరిపెట్టుకోకండి. ఏ పని, ఏ తేదీలోగా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా కొత్త పని మంజూరు చేయడం కుదరదని అధికారికీ తెలుసు, మీకూ తెలిసి ఉండాలి.

ఎన్నుకున్న ఎమ్మెల్యేని మధ్యలో వెనక్కి పిలవొచ్చా? పార్టీ మారితేనో? – తణుకు

వెనక్కి పిలిచే హక్కు ఎమ్మెల్యేల విషయంలో దేశంలో ఎక్కడా లేదు. పార్టీ మారితే రాజ్యాంగంలోని పదో షెడ్యూల్ కింద అనర్హత వేటు పడాలి గానీ, తేల్చాల్సింది స్పీకర్. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. 2014–19 మధ్య మన అసెంబ్లీలోనే 23 మంది వైఎస్సార్‌సీపీ నుంచి టీడీపీలోకి దూకారు, వేటు పడలేదు. ఇంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

రెండు పార్టీలూ వద్దని మా ఊరి కుర్రాణ్ణి ఇండిపెండెంట్‌గా నిలబెట్టాలనుకుంటున్నాం. ఎంతవుతుంది, ఎక్కడ దెబ్బతింటాం? – కోనసీమ నుంచి కొందరు యువకులు

ముందు ఒక సంగతి. 2014లో పిఠాపురంలో ఇండిపెండెంట్‌గా వర్మ గెలిచారు కదా అని చాలామంది రాస్తున్నారు. ఆయన టీడీపీ టిక్కెట్ రాక నిలబడిన నాయకుడు. 2009లో ఆ పార్టీ అభ్యర్థి, 2019లో మళ్లీ ఆ పార్టీ అభ్యర్థే. సొంత కేడర్ ఉన్న మనిషి గెలుపుకీ ఊరి కుర్రాడి పోటీకీ పోలిక లేదు.

అసెంబ్లీకి డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. వయసు 25 నిండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, మీకు పదిమంది కావాలి. పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. చాలా నామినేషన్లు పోయేది ఇక్కడే. పక్క ఊరు కదా అని సంతకం పెట్టించిన బావగారి ఓటు నియోజకవర్గం గట్టు అవతల ఉంటుంది. అందుకని పన్నెండుమందిని అనుకుని, ఒక్కొక్కరి పార్ట్ నంబర్, వరుస నంబర్ తాజా ఓటర్ల జాబితాతో సరిచూశాకే పదిమందితో సంతకం పెట్టించండి. వేలిముద్ర వేసేవాళ్లయితే రిటర్నింగ్ అధికారి ఎదుట గానీ, ఎన్నికల సంఘం అనుమతించిన అధికారి ఎదుట గానీ వేయాలి, ఇంట్లో వేయించి తెస్తే చెల్లదు. నామినేషన్ నాలుగు సెట్ల వరకు వేయొచ్చు, డిపాజిట్ ఒక్కటే. కనీసం రెండు సెట్లు వేరువేరు ప్రతిపాదకులతో వేయండి. ఒకటి పోయినా రెండోది నిలుస్తుంది.

రెండో గండం ఫారం 26 అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాసి నోటరీ చేయించాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే ‘లేదు’ అని, వర్తించకపోతే ‘వర్తించదు’ అని రాయాలి. గీత గీసి వదిలేసినా ఖాళీ కిందే లెక్క. అధికారి నోటీసిచ్చాక కూడా నింపకపోతే తిరస్కరిస్తారు. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే తెరవాలి. నామినేషన్ వేసే వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా. ముహూర్తం 2.50కి ఉందని ఆగేవాళ్లని చూసి జాలిపడటం తప్ప చేయగలిగింది లేదు.

మూడోది ప్రమాణం. నామినేషన్ ఇచ్చాక, పరిశీలన రోజు రాకముందే చేయాలి. హడావిడిలో మరిచిపోయి బయటికొచ్చేసినవాళ్లున్నారు. అది చేయకపోతే మిగతావన్నీ సవ్యంగా ఉన్నా నామినేషన్ పోతుంది.

గుర్తులు మూడు, ఇష్టం వరుసలో రాయాలి. ఖర్చు పరిమితి 40 లక్షలు, మీకు ఆ బెంగ ఉండదు. బెంగంతా లెక్కల గురించే పడండి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్క దాఖలు చేయకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత పడొచ్చు. ఓడిపోయాం కదా అని ఇంట్లో కూర్చున్న కుర్రాళ్లకు తగిలేది ఇదే.

డబ్బు తీసుకుని మనకి నచ్చినవాళ్లకి వేస్తే తప్పేంటి? – నరసాపురం

ఇచ్చినవాడితోపాటు తీసుకున్నవాడిదీ నేరమే, ఏడాది దాకా జైలు. పంపకం కంటపడితే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో అప్పటికప్పుడు ఫొటో గానీ రెండు నిమిషాల్లోపు వీడియో గానీ తీయండి. గ్యాలరీలో దాచిన పాత వీడియో, వాట్సాప్‌లో వచ్చింది అందులో ఎక్కవు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. పేరు చెప్పకుండానే పంపొచ్చు. 100 నిమిషాల్లో తేల్చాలన్నది నియమం.

కోడు పూడిక తీశామంటారు, సార్వాలో వానొస్తే చేను మాత్రం మునుగుతుంది. ఎమ్మెల్యేగారి చుట్టూ తిరుగుతున్నాం. – ఉండి మండలం వైపు రైతులు

తిరగాల్సింది అక్కడ కాదు. కోడు పని డ్రైనేజీ డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఒప్పందం మీద జరుగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలే దాకా ఉన్న కొద్ది వారాలే పనికి అదను. నీళ్లొచ్చాక మీరు చూపించేదేమీ మిగలదు.

సమాచార హక్కు కింద ఆ కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. రుసుం 10 రూపాయలు. అడగాల్సింది నాలుగే: అంచనా ప్రతి, ఒప్పందం ప్రతి, ఏ మీటరు నుంచి ఏ మీటరు దాకా ఎప్పుడు చేశారు, ఎం బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకలు. ‘ఎందుకు చేయలేదు’ అని అడగొద్దు. కారణాలు చెప్పక్కర్లేదని పక్కన పెట్టేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అది ఆ శాఖలోనే పై అధికారికి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

ఎం బుక్ చేతికొచ్చాక అసలు పని మొదలు. అందులో పొడవు, వెడల్పు, లోతు రాసి ఉంటాయి. 500 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అంటే వెయ్యి ఘనపు మీటర్ల మట్టి. అంత మట్టి గట్టు మీద ఎక్కడుందో చూడండి. యాభై మీటర్లకోసారి గెడ దించి లోతు కొలిచి రాసుకోండి, కొలిచేటప్పుడు టేపు కనబడేలా ఫొటో తీయండి. సాధారణంగా దొరికే మోసాలు రెండు. గుర్రపుడెక్క, తూడు పైపైన లాగేసి పూడిక తీసినట్టు రాయడం ఒకటి. తీసిన మట్టి గట్టు అంచునే పోసి వదిలేయడం రెండోది, మొదటి వానకే అది జారి కోడులో పడుతుంది. మూడోది మోసం కాదు గానీ ఫలితం అదే: కింద మొగ (కోడు వెళ్లి కలిసే చోటు) ఇసుకతో మూసుకుపోయి ఉంటే పైన ఎంత తవ్వినా నీరు కదలదు. ముందు మొగ చూసి రండి.

కొలతల కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు నంబర్ తీసుకోండి. అర్జీకి ఒకటే సమస్య రాయండి. ఒక చిక్కుంది. మీ అర్జీ తిరిగి తిరిగి ఆ పని చేయించిన ఇంజినీరు బల్ల మీదికే చేరుతుంది, ‘పని పూర్తయింది’ అని మూసేస్తారు. అందుకే మొదటి పంక్తిలోనే ‘క్వాలిటీ కంట్రోల్ విభాగంతో, మా సమక్షంలో కొలిపించాలి’ అని రాయండి.